ఇంట్లోవాళ్ళతో మదర్స్ డే వీడియో చేస్తే వాచ్ ఉచితమంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న విశాఖపట్నం గాజువాక నుంచి ఒకాయన అడిగారు. ఆయనకి గాడ్జెట్ల మీద తెలుగులో చిన్న ఛానల్ ఉంది, పదకొండు వేల మంది సబ్‌స్క్రైబర్లు. ఒక స్మార్ట్‌వాచ్ కంపెనీ తరఫున ఏజెన్సీవాళ్ళు మెయిల్ పెట్టారట. నాలుగు వేల రూపాయల వాచ్ ఉచితం, డబ్బు ఏమీ ఇవ్వరు. బదులుగా మదర్స్ డేకి ఒక వీడియో, మూడు రీల్స్ కావాలి. వీడియోలో ఏడేళ్ళ పాప వాళ్ళమ్మ చేతికి వాచ్ కట్టాలి, ఆవిడ కళ్ళు చెమర్చాలి, ఈయన "ఇన్నాళ్ళూ నీకు థాంక్స్ చెప్పలేదు" అనాలి. వాచ్ చేతికి వచ్చాక ఆరు రోజుల గడువు. ఇంట్లో ఆవిడకి ఇష్టం లేదు. "మొదటి బ్రాండ్ కదండీ, వదిలేస్తే మళ్ళీ ఎవరైనా అడుగుతారా?" అన్నది ఆయన బెంగ.

సూటిగా చెప్తాను. ఇప్పుడు వాళ్ళు అడిగిన పద్ధతిలో ఒప్పుకోకండి. వాచ్ మీద వీడియో చేస్తానని చెప్పండి, ఇంట్లోవాళ్ళని మాత్రం అగ్రిమెంటు బయట ఉంచండి. వస్తువు గురించి మీరు చెప్పే మాటకి వాళ్ళు డబ్బో వస్తువో ఇవ్వచ్చు. మీ ఆవిడ మీతో అనే మాట, మీ పాప మొహం ఆ బేరంలోకి రాకూడదు. దానికి సరే అంటే చేయండి, కాదంటే వదిలేయండి. మళ్ళీ వస్తారు, ఆ బెంగ అక్కర్లేదు.

నా సంగతి రెండు ముక్కల్లో. నేను ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తాను. పొద్దుట్నించీ ప్రెషర్ గేజీలు, టెంపరేచర్ మీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయా లేదా అని చూడటమే నా ఉద్యోగం. గాడ్జెట్ల పిచ్చి హుద్‌హుద్‌తో మొదలైంది. 2014 అక్టోబరు 12న తుఫాను కొట్టాక మర్రిపాలెంలో మా ఇంటికి రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో ఒకే ఒక్క పవర్ బ్యాంకు, డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంది, అంటే అందులో పట్టే ఛార్జి కొలత. మూడుసార్లు నిండుతుందనుకున్న ఫోను రెండోసారికే ఆగిపోయింది. మోసం అనుకున్నాను. తర్వాత కూర్చుని లెక్క చూస్తే, డబ్బా మీది అంకె లోపలి 3.7 వోల్టుల సెల్లుకి సంబంధించినది. బయటికి 5 వోల్టులుగా వచ్చేసరికి 7,400 అవుతుంది. అందులో వేడిగా పోయేది పోగా చేతికొచ్చేది ఆరు వేల పైచిలుకు. అదే రాసి పెట్టాను. చాలామంది చదివారు. ఏడాది తిరక్కుండా కంపెనీలు "సార్, మా ప్రోడక్ట్ పంపమంటారా" అని మొదలెట్టాయి. అప్పట్నించీ చేసిన తప్పుల్లోంచే ఈ జవాబు.

మొదటి తప్పు మా అమ్మతో చేశాను. ఒక స్మార్ట్ స్పీకర్ వాళ్ళు మదర్స్ డేకే అడిగారు. మొదటి టేకులో అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో పాటలొస్తాయేట్రా? అయితే సుప్రభాతం ఎయ్యి" అంది. ఆ ఒక్క ముక్కా వీడియోకి చాలు. కానీ స్క్రిప్టులో "నాన్నా, నువ్వు ఆఫీసుకెళ్ళినా నాకిప్పుడు ఒంటరిగా అనిపించదు" అని ఉంది. మూడో టేకులో అమ్మ, "నాకెప్పుడు ఒంటరిగా ఉందిరా? పక్కింట్లో పార్వతి లేదేటి?" అని కోప్పడింది. అయిదో టేకుకి అలిసిపోయి, వాళ్ళడిగింది అడిగినట్టు అప్పజెప్పింది. ఏజెన్సీవాళ్ళు సూపర్ అన్నారు.

ఆ తర్వాత ఆరేడు నెలలకి, ఏ కెమెరా లేని ఒక సాయంత్రం, అమ్మ ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాను. సెట్టింగ్స్‌లో అర నిమిషం పని. వాట్సాప్ తెరిచి చూసుకుని "బాగుందిరా, కళ్ళజోడు లేకుండా కనిపిస్తన్నాది" అంది. అని, చటుక్కున తల ఎత్తి, "కెమెరా ఎక్కడెట్టావు? మళ్ళీ సెప్పాలా?" అని అడిగింది. నిజంగానే అడిగింది, వెటకారం కాదు. మీ ఆవిడ వద్దంటున్నది బిడియం వల్ల అని మీరు అనుకుంటున్నారేమో. ఇలాంటిదేదో ఆవిడకి ముందే తట్టి ఉంటుంది.

రెండో తప్పు పెద్దది. మా పాపకి ఆరేళ్ళప్పుడు పిల్లల టాబ్లెట్ ఒకటి వచ్చింది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఉన్నాయి. ఆ బోసినవ్వుతో టాబ్లెట్ పట్టుకున్న ఫొటో మా ఇంట్లో అందరికీ ముద్దొచ్చింది, కంపెనీకీ ముద్దొచ్చింది. తొమ్మిది పేజీల ఇంగ్లీషు అగ్రిమెంటులో ఏడో పేరాలో "పర్పెచువల్, అన్ని మాధ్యమాల్లోనూ" అని ఉంది. అంటే కాలపరిమితి లేకుండా ఎక్కడైనా వాడుకోవచ్చని. నేను చదివాను కూడా. చదివి, మహా అయితే రెండు నెలలు వాడతారులే అనుకుని సంతకం పెట్టాను.

పాపకి పన్నెండేళ్ళు వచ్చాక క్లాసులో ఎవరో ఆ ఫొటో బయటికి తీశారు. ఆన్‌లైన్ షాపింగ్ పేజీలో అది ఇంకా ఉంది. మర్నాటికి పిల్ల పేరే "బోసి టాబ్" అయిపోయింది. ఇంటికొచ్చి ఏడవలేదు. "నాన్నా, నా వీడియోలన్నీ తీసెయ్" అంది, అంతే. నా ఛానల్లోవి తీసెయ్యడానికి పది నిమిషాలు పట్టింది. కంపెనీ దగ్గర ఉన్నది తీయించలేకపోయాను. అప్పటి ఏజెన్సీ మూతబడింది, మెయిల్ చేసిన మనిషి ఉద్యోగం మారిపోయాడు, కంపెనీ నుంచి "ఒప్పందం ప్రకారమే వాడుతున్నాం" అని రెండు లైన్ల జవాబు వచ్చింది. వాళ్ళన్నది నిజమే, ఒప్పందంలో అదే ఉంది. డాబాగార్డెన్స్‌లో ఓ షాపు ముందు ఫ్లెక్సీ మీద కూడా అదే నవ్వు చాలాకాలం వేలాడింది. షాపాయన మంచివాడు, అడగ్గానే తీసేశాడు. గాలికి చిరిగింది, ఎలాగూ మారుద్దామనుకున్నానన్నాడు.

అందుకని మీ అగ్రిమెంటులో ముందు చూడాల్సినది యూసేజ్ రైట్స్ పేరా, అంటే మీ వీడియోని వాళ్ళు వాడుకునే హక్కుల సంగతి. ఎంతకాలం, ఎక్కడెక్కడ, ఎవరి ఖాతా నుంచి అన్న మూడూ అంకెలతో రాసి ఉండాలి. నేను ఇప్పుడు తొంభై రోజులకి మించి ఇవ్వను. మీ ఖాతా పేరుతోనే వాళ్ళు ప్రకటనలు నడుపుకునే పద్ధతి ఒకటుంది. దానికి వేరే డబ్బు, వేరే గడువు అడగాలి. ఎక్స్‌క్లూజివిటీ అని ఉంటే, అంటే మూడు నెలలు వేరే కంపెనీ వాచ్ ముట్టుకోకూడదని ఉంటే, నాలుగు వేల వాచ్‌కి అది మరీ అన్యాయం.

ఇక ఇది ప్రకటన అని వీడియో మీద వేసే లేబుల్ సంగతి. "డబ్బు తీసుకోలేదు, వాచే కదా, చెప్పక్కర్లేదు" అని ఏజెన్సీ కుర్రాళ్ళు అంటారు. తప్పు. ప్రకటనల రంగంవాళ్ళే పెట్టుకున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమాలు 2021 జూన్ 14 నుంచి అమల్లో ఉన్నాయి. ఉచితంగా వస్తువు తీసుకున్నా కంపెనీతో సంబంధం ఉన్నట్టే, అది చెప్పి తీరాలి. పదిహేను సెకన్ల లోపు వీడియోలో లేబుల్ కనీసం మూడు సెకన్లు కనపడాలి. పదిహేను సెకన్ల నుంచి రెండు నిమిషాల లోపైతే మొత్తం నిడివిలో మూడోవంతు. రెండు నిమిషాలు, ఆ పైన అయితే ఆ వస్తువు గురించి మాట్లాడుతున్నంతసేపూ. లేబుల్ ఇంగ్లీషులోనే ఉండాలని లేదు, వీడియో భాషలో ఉండొచ్చు. నేను "ప్రకటన: వాచ్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది" అని తేట తెలుగులో వేస్తాను. హ్యాష్‌ట్యాగుల గుంపులో పదకొండోదిగా పెట్టి దాచేస్తే చెల్లదు. యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్ గడికి కూడా టిక్కు పెట్టండి.

ఇది మర్యాద ఒక్కటే కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనలో చెప్పినవాళ్ళకి కూడా పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా. మొదటిసారి ఏడాది పాటు ప్రకటనల్లో కనపడకుండా నిషేధించే అధికారమూ ఉంది. పదకొండు వేల సబ్‌స్క్రైబర్ల మీదకి రేపే ఎవరో వస్తారని భయపెట్టడం లేదు. కాకపోతే ఆ చట్టం పెద్ద స్టార్లకే అనుకోవడం పొరపాటు.

చట్టం కన్నా నాకు ముఖ్యమైనది ఇంకోటుంది. వాచ్ చేయలేని పనిని చేస్తుందని మీ నోట చెప్పించకుండా చూసుకోండి. ఒకసారి ఓ కంపెనీ "అమ్మ షుగర్ ఇక సూది లేకుండా" అని స్క్రిప్టు పంపింది. వాచ్ కింద మెరిసే ఆకుపచ్చ లైటు చేసేది ఏమిటంటే, రక్తం ఆ రంగు కాంతిని పీల్చుకుంటుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి తగ్గుతుంది, తిరిగొచ్చే కాంతిలో ఆ తేడాని లెక్కపెడుతుంది. దాంతో నాడి బాగానే తెలుస్తుంది. షుగర్ తెలియదు. చర్మానికి సూది గుచ్చకుండా షుగర్ చెప్పే వాచ్‌కి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని, అలాంటివాటిని నమ్మవద్దని అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. మా అమ్మకి షుగరుంది. ఆవిడ ఆ వాచ్ చూసుకుని మాత్ర మానేస్తే? వీడియో చూసిన ఇంకో అమ్మ మానేస్తే? అది అప్పుడే వెనక్కి పంపేశాను.

మీకిచ్చిన ఆరు రోజుల గడువు చూస్తే వాళ్ళకి పరీక్షతో పని లేదని తెలిసిపోతోంది. మదర్స్ డే మే రెండో ఆదివారం. మన ఊళ్ళో మే నెల ఉక్క తెలిసిందే, బీరువాలో బట్టలు కూడా చెమట పడతాయి. చెమటకి బెల్టు జారితే ఆ లైటు లెక్క తప్పుతుంది. అందుకని పెట్టుకుని కొండవాలు ఎక్కి దిగాలి, బండి మీద మద్దిలపాలెం దాకా వెళ్ళి రావాలి, వేళ్ళతో నాడి పట్టి నిమిషం లెక్కపెట్టి పక్కపక్కన రాసుకోవాలి. ఇంకోటి, నీటి పరీక్ష. ఐపీ67 అంటే ఒక మీటరు లోతులో అరగంట, అదీ మంచినీళ్ళలో. బీచ్‌లో అలలకీ ఉప్పుకీ ఆ పరీక్షకీ సంబంధం లేదు. ఆర్‌కే బీచ్‌లో రోజూ నడిచే మా బావగారి వాచ్ వెనక ఛార్జింగ్ పిన్నులు రెండు నెలల్లో పచ్చగా చిలుము పట్టేశాయి. ఈ ముక్క ఢిల్లీలో కూర్చుని వీడియో చేసేవాళ్ళెవరూ చెప్పరు, మీరు చెప్పగలరు. మీ ఛానల్ విలువ అక్కడుంది. పిల్లల సిమ్ వాచ్ ఎప్పుడైనా వస్తే ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. చవకవాటిల్లో కొన్ని 2జీ మీదే పనిచేస్తాయి, జియోకి 2జీ నెట్‌వర్కే లేదు. అలాంటిదాంట్లో జియో సిమ్ వేసి, పాప ఫోను ఎత్తడం లేదని కంగారుపడి బడికి పరిగెత్తిన తండ్రిని ఒకాయన్ని నాకు తెలుసు.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ, అడగనివాళ్ళకే తగులుతుంది. 2022 జూలై 1 నుంచి వ్యాపారంలో భాగంగా వచ్చిన వస్తువులకి కూడా పది శాతం టీడీఎస్, అంటే ఇచ్చేవాళ్ళే ముందుగా పట్టి కట్టే పన్ను, ఉంది. పాత చట్టంలో దాన్ని 194ఆర్ అనేవారు. ఒక కంపెనీ నుంచి ఏడాదిలో వచ్చినవాటి విలువ ఇరవై వేలు దాటితే వర్తిస్తుంది. వస్తువు వాడి తిరిగి ఇచ్చేస్తే లెక్కలోకి రాదు, ఉంచుకుంటే వస్తుంది. నాకు 34,000 ఫోను ఒకటి "ఉచితంగా" పంపేముందు 3,400 కట్టమని మెయిల్ వచ్చింది. మోసం మెయిల్ అనుకుని రెండు రోజులు జవాబివ్వలేదు. తీరా చూస్తే వాళ్ళు చెప్పింది సబబే. మీ నాలుగు వేల వాచ్‌కి టీడీఎస్ బాధ లేదు, కానీ రిటర్నులో చూపించాల్సిన రాబడే. ఒక పుస్తకంలో తేదీ, వస్తువు, డబ్బా మీది ధర రాసుకుంటూ పోండి. నేనైతే సమీక్ష అయ్యాక వెనక్కి పంపించెయ్యడమే మొదలెట్టాను. ఇంట్లో అటకా ఖాళీ అయింది.

డబ్బు మాట్లాడుకున్నప్పుడు సగం ముందు అడగండి. అడగడానికి మొహమాటపడి మొదటి మూడేళ్ళలో రెండు ఇన్‌వాయిసులకి నీళ్ళొదులుకున్నాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉచితం, ఆధార్, పాన్‌తో అయిపోతుంది. ఆ నంబరు ఇన్‌వాయిస్ మీద ఉంటే, చిన్న సంస్థలకి నలభై అయిదు రోజుల్లోపు చెల్లించాలన్న చట్టం మీ వైపు ఉంటుంది. ఒక్కసారి ఆ లైను చూపిస్తూ మెయిల్ పెడితే, నాలుగు నెలలుగా "అకౌంట్స్‌లో ఉంది సార్" అన్నవాళ్ళు వారంలో వేశారు.

డ్రోన్ కంపెనీవాళ్ళు మీకూ వస్తారు, అందుకని ఒక్క మాట. "కురుసుర సబ్‌మెరైన్ మీదనుంచి ఫ్యామిలీ షాట్ తీయండి" అని నన్నడిగారు. ఇది నేవీ ఊరు. డ్రోన్ ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా ఇక్కడ బొమ్మ డ్రోన్ కూడా ఎగరెయ్యకండి. అందులో ఎర్ర జోన్ అని ఉంటే కేంద్రం అనుమతి లేకుండా కుదరదు.

మరి ఇంట్లోవాళ్ళు వీడియోలో అస్సలు ఉండకూడదా? ఉండొచ్చు. మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఏమిటంటే, వాళ్ళ చేతులు కనపడతాయి, గొంతు వినపడుతుంది, అదీ ఎడిట్ చేశాక చూపించి సరే అంటేనే. స్క్రిప్టు ఉండదు. నచ్చకపోతే నచ్చలేదనే ఉంటుంది. మా పాప ఇప్పుడు కెమెరా పట్టుకుంటుంది, ముందుకి రాదు. చిత్రంగా జనం వాటినే ఎక్కువ చూస్తున్నారు. డోర్‌బెల్ కెమెరా ఇంగ్లీషులో "ప్లీజ్ వెయిట్" అంటుంటే, మా అమ్మ దానికి "లోపలికి రామ్మా, గుమ్మంలో ఎందుకు?" అని జవాబివ్వడం నేను తీయాలని తీసింది కాదు, అదే రికార్డ్ చేసుకుంది. అమ్మకి చూపించి పెట్టమంటావా అని అడిగితే పెట్టుకో అంది.

మెప్పు కావాలంటే స్క్రిప్టు లేకుండానే దొరుకుతుంది, వాళ్ళ పద్ధతిలో. మూడు వందలు పెట్టి సింకు కింద సెన్సార్ లైటు బిగించాను, తలుపు తెరిస్తే వెలుగుతుంది. పది రోజులు ఎవరూ ఏమీ అనలేదు. పదకొండో రోజు మా ఆవిడ, "ఆ లైటు పెట్టాక బొద్దింకలన్నీ కనపడుతున్నాయి" అంది. అని, అలాంటిదే వాళ్ళమ్మగారింటికి ఇంకోటి తెమ్మంది. ఏ కంపెనీవాడూ ఆ డైలాగు ఒప్పుకోడు.

ఏజెన్సీకి ఇలా రాయండి, తెలుగు వచ్చినవాళ్ళైతే ఇదే పంపినా సరిపోతుంది:

"వాచ్ మీద ఒక వీడియో చేస్తాను. పరీక్షకి పద్నాలుగు రోజులు కావాలి, అంటే మదర్స్ డే దాటుతుంది. బాగున్నవీ బాగోనివీ రెండూ చెప్తాను. ఉచితంగా వచ్చిందని వీడియో మీద రాస్తాను. నా భార్య, పాప ఇందులో ఉండరు. మీరు వాడుకోవడానికి తొంభై రోజులు, మీ ఖాతాలో మాత్రమే. మూడు రీల్స్ కావాలంటే రేటు విడిగా మాట్లాడుకుందాం."

రేటు ఎంత చెప్పాలో మీరు అడుగుతారు. షూటింగుకి ఎన్ని గంటలు, ఎడిటింగుకి ఎన్ని గంటలు పడుతుందో ఒకసారి నిజాయితీగా రాసుకోండి, మీ ఉద్యోగంలో గంటకి ఎంత వస్తుందో దాంతో హెచ్చవేయండి. వచ్చిన అంకె వాచ్ ధర కన్నా ఎక్కువే ఉంటుంది, అది చూశాక మొహమాటం దానంతటదే తగ్గుతుంది. ముందుగా ఈ మెయిల్ మీ ఆవిడకి చదివి వినిపించి, తర్వాతే పంపండి. వాళ్ళు అగ్రిమెంటు పంపితే కంపెనీ పేరూ మీ వివరాలూ చెరిపేసి ఏడో పేరా లాంటివి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. రాత్రి షిఫ్టు వారం నడుస్తోంది, జవాబు కాస్త ఆలస్యం కావచ్చు.